ఐడల్ ఎవరి సొత్తు? కొరియా పాటల అభిమానుల వాదోపవాదాలు

పందొమ్మిదవ శతాబ్దంలో లక్నో నగరపు మర్సియా శ్రోతలు రెండు పక్షాలుగా చీలిపోయారు. మీర్ అనీస్ వైపువారు అనీసియే, మిర్జా దబీర్ వైపువారు దబీరియే. తమ కవికే అగ్రాసనం దక్కాలని ఇరుపక్షాలవారూ పట్టుబట్టేవారు. 1874లో అనీస్, 1875లో దబీర్ కన్నుమూసిన తరువాత కూడా ఆ వాదం చల్లారలేదు. కవిని ప్రేమించడం, ఆ ప్రేమకోసం ఎదుటిపక్షంతో తగవులాడడం మన దేశానికి కొత్త కాదని చెప్పడానికే దీనిని జ్ఞాపకం చేస్తున్నాము. నేడు విద్యార్థినీ విద్యార్థులు దక్షిణ కొరియా గాయక బృందాలను గూర్చి వాదించుకొంటూ ఉంటే పెద్దలు ఇదేమి వెర్రి అని పెదవి విరుస్తున్నారు. ఆ వాదాలలో వెర్రి బొత్తిగా లేదని మేము అనము. కాని విషయం కూడా ఉన్నది. ఆ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కె-పాప్ అనగా కొరియా పాప్ సంగీతం. దానిని పాడుతూ ఆడే యువతీయువకులను అక్కడ ‘ఐడల్’ అంటారు. ఆంగ్లంలో ఆ మాటకు విగ్రహం అని అర్థం. వింతగా తోచవచ్చు గాని, ఉర్దూ గజలు చదివిన వారికి ఇది వింత కాదు. అక్కడ ప్రేయసిని పిలిచే ‘సనమ్’ అన్న మాటకూ మూలార్థం విగ్రహమే. ప్రేమించే వ్యక్తిని విగ్రహంగా చేసికొన్న తరువాత, ఆ విగ్రహం తనంత తాను కదిలితే ఏమి చేయాలన్న చిక్కు వస్తుంది. కె-పాప్ అభిమానుల తగవులలో సగం ఈ చిక్కునుండి పుట్టినవే.

ఈ సంగీతానికి ఆది ఎక్కడ అంటే చాలామంది 1992వ సంవత్సరాన్ని చూపుతారు. ఆ ఏడు ‘సో తైజీ అండ్ బాయ్స్’ అనే ముగ్గురు యువకుల బృందం టెలివిజన్ పోటీలో పాడినప్పుడు న్యాయనిర్ణేతలు వారికి అతి తక్కువ మార్కులు వేశారు. దేశంలోని పడుచువారు మాత్రం ఆ పాటను నెత్తిన పెట్టుకొన్నారు. పండితుల తీర్పు వేరు, శ్రోతల తీర్పు వేరు అన్న పాఠం అభిమానులు ఆనాడే నేర్చారు. 1995లో వారి పాట ఒకదానిలో మాటలు మార్చాలని సమీక్షా సంఘం కోరగా, సో తైజీ మాటలన్నీ తీసివేసి ఉత్త వాద్యంతోనే దానిని వెలువరించాడు. పాటల రికార్డులపై ముందస్తు సెన్సారు 1996లో రద్దయింది. అంతకు ముందు కొన్నేళ్ళుగా ఇతర గాయకులు సాగించిన పోరాటానికి ఈ అభిమానుల ఆగ్రహం తోడు నిలిచింది. అభిమాని అంటే కేకలు వేసేవాడు మాత్రమే కాదని కొరియా ప్రభుత్వానికి తెలిసివచ్చిన సందర్భమది.

తరువాత వ్యాపారం ప్రవేశించింది. 1995లో ఎస్.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. 1996లో అది హెచ్.ఓ.టి. అనే బృందాన్ని నిలబెట్టింది. చిన్న వయసులోనే పిల్లలను ఎంపిక చేసి, సంవత్సరాల తరబడి పాట, ఆట, పరభాషలు నేర్పి, తగిన వేళకు బృందంగా కూర్చి వేదిక ఎక్కించడం ఆ పద్ధతి. ఇతర కంపెనీలూ అదే బాట పట్టాయి. అభిమానులు కూడా అంత క్రమశిక్షణతోనే పక్షాలు కట్టారు. హెచ్.ఓ.టి. వారివి తెల్ల బెలూన్లు, సెక్స్ కీస్ వారివి పసుపు బెలూన్లు. బెలూన్ల స్థానంలో తరువాత చేతిదీపాలు వచ్చాయి. 2008 జూన్‌లో సియోల్‌లో జరిగిన ‘డ్రీమ్ కాన్సర్ట్’లో గర్ల్స్ జనరేషన్ బృందం పాడుతున్నంతసేపూ ఇతర బృందాల అభిమానులు దీపాలు ఆర్పి మౌనంగా కూర్చున్నారు. దానిని ‘నల్ల సముద్రం’ అని నేటికీ చెప్పుకొంటారు. ఒక్క రాయి విసరకుండా ఇంత అవమానం చేయవచ్చునా అని మాకు ఆశ్చర్యమే.

ఇక వాదాలకు వద్దాము. వాటిలో పాతది, ఇప్పటికీ తెగనిది సంగీతానికి సంబంధించినది: ఐడల్ కళాకారుడా, లేక కంపెనీ చేసిన బొమ్మా? పాటకు బాణీ స్వీడన్‌లో పుట్టవచ్చు, మాటలు సియోల్‌లో చేరవచ్చు, నృత్యం ఇంకొకరు కూర్చవచ్చు. బి.టి.ఎస్. బృందం 2020 ఆగస్టులో వెలువరించిన ‘డైనమైట్’ పూర్తిగా ఆంగ్లంలో ఉన్నది. దానిని వ్రాసినవారు ఇద్దరు బ్రిటిష్ రచయితలు. అమెరికా బిల్‌బోర్డు హాట్ 100 పట్టికలో ఆ బృందానికి మొదటిసారి ప్రథమ స్థానం తెచ్చిన పాట అదే. అభిమానులలో కొందరు పండుగ చేసికొన్నారు. మరికొందరు, ఇన్నేళ్ళు కొరియా భాషలో పాడి నిలిచినవారు గెలుపుకోసం భాష మార్చుకొన్నారే అని నొచ్చుకొన్నారు. అదే ఏడాది చివర అధికభాగం కొరియా భాషలో ఉన్న ‘లైఫ్ గోస్ ఆన్’ కూడా ఆ స్థానానికి చేరడంతో రెండవ పక్షంవారికి కొంత ఊరట కలిగింది.

ఈ వాదంలో ‘స్వయంగా వ్రాసేవాడే కళాకారుడు’ అన్నది తరచుగా వినవచ్చే మాట. బిగ్ బ్యాంగ్ బృందంలోని జి-డ్రాగన్, సెవెంటీన్ బృందంలోని వూజీ తమ పాటలను తామే కూర్చుకొంటారని వారి అభిమానులు యోగ్యతాపత్రం వలె చూపుతారు. ఈ కొలత మాకు సమ్మతం కాదు. మన తెలుగు సినిమా పాటను చూడండి. ఒకరు వ్రాస్తారు, ఒకరు బాణీ కడతారు, ఒకరు పాడతారు, తెరపై పెదవులు కదిపేది నాల్గవవారు. పాట తాను వ్రాయలేదు గనుక సుశీల గాయని కాదని అన్న తెలుగువాడు ఉన్నాడా? మనం పనిని నలుగురికి పంచి నలుగురినీ మెచ్చుకొంటున్నాము. కొరియా ఐడల్ పాటా ఆటా ఒకేసారి తన ఒంటిమీద మోస్తూ ఉంటే, మూడవదైన రచన కూడా మోయలేదని అతనిని తక్కువ చేయడం న్యాయంగా తోచదు.

అయితే గొంతు సంగతి వేరు. పాడవలసినవారు పాడుతున్నారా, లేక ముందుగా రికార్డు చేసినదానికి పెదవులు కలుపుతున్నారా అని అడిగే హక్కు శ్రోతకు ఉన్నది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని కోచెల్లా ఉత్సవంలో ల సెరాఫిమ్ బృందం పాడిన తీరుపై కొరియాలోనే తీవ్ర విమర్శ వచ్చింది. అభిమానులు వేదిక పాటలనుండి వాద్యాన్ని తొలగించి గొంతు మాత్రమే మిగిల్చి పరీక్షిస్తారు. ఆ సాధనం పూర్తిగా నమ్మదగినది కాదు గాని, ఉద్దేశం మంచిది. హైదరాబాదులో కొంతకాలం ఉద్యోగం చేసిన మౌలానా షిబ్లీ నూమానీ 1907లో ‘మువాజనా-ఎ-అనీస్-ఓ-దబీర్’ వ్రాసినప్పుడు ఇద్దరి రచనలనూ పక్కపక్కన పెట్టి తూచాడు. ఆయన తీర్పు అనీస్ వైపే మొగ్గింది. దబీర్ పక్షంవారు జవాబులు వ్రాశారు. ఏమైనప్పటికీ అది పద్యాన్ని గూర్చిన తగవు. పాటను గూర్చి తగవులాడే అభిమానిని మేము ఆ కోవలోనే చేరుస్తాము.

పాటను విడిచి అంకెలకు వెళ్ళినప్పుడు కథ మారుతుంది. ఎన్ని ఆల్బమ్‌లు అమ్ముడుపోయాయి, వీడియోను ఎన్ని కోట్లసార్లు చూశారు అన్నవే వాదంలో ఆయుధాలు. ఈ అంకెలను పెంచే పని అభిమానులే చేస్తారు. ఆల్బమ్ పెట్టెలో ఏ సభ్యుని ఫోటోకార్డు వస్తుందో ముందుగా తెలియదు. సంతకాల సభకు చీటీ తగలాలంటే ఎక్కువ ప్రతులు కొనాలి. అందుచేత ఒకే ఆల్బమ్‌ను పదులకొద్దీ కొని, కార్డు తీసికొని, తక్కినది పారవేసేవారున్నారు. 2021లో మొదలైన ‘కెపాప్ ఫర్ ప్లానెట్’ అనే అభిమానుల ఉద్యమం ఈ చెత్తకు కంపెనీలే జవాబు చెప్పాలని అడుగుతున్నది.

కాని అంకెలపై అభిమానికి గల ఈ పట్టు ఒకసారి గొప్ప మేలు చేసింది. ఎం-నెట్ టెలివిజన్ సంస్థ ‘ప్రొడ్యూస్’ అనే పోటీ నడిపేది. శిక్షణలో ఉన్నవారినుండి కొత్త బృందాన్ని ప్రేక్షకులు వోట్లతో ఎన్నుకోవాలి. చివరి సభలో ఒక్కొక్క వోటు సందేశానికి 100 వోన్లు రుసుము. 2019 జూలై 19న నాల్గవ పోటీ ఫలితాలు ప్రకటించారు. తమ కుర్రవాడు ఓడిపోయాడన్న బాధతో అభిమానులు అంకెలు ముందు వేసుకొని కూర్చున్నారు. ఒక స్థానానికీ తరువాతి స్థానానికీ నడుమ తేడా 29,978 వోట్లు. మరొక రెండు స్థానాల నడుమ అదే 29,978. ఇంకొకచోట మళ్ళీ అదే. లక్షలాది ప్రజలు వేసిన వోట్లు ఇట్లా కొలబద్ద పెట్టినట్లు రావని వారు అధికారులకు ఫిర్యాదు చేశారు. పోలీసులు విచారించారు. నాలుగు పోటీలలోనూ ఫలితాలు తారుమారైనట్లు తేలింది. ప్రధాన నిర్మాత 2019 నవంబరులో అరెస్టయి, 2020లో రెండేళ్ళ జైలుశిక్ష పొందాడు. అప్పుడే పుట్టిన ఎక్స్-వన్ బృందం 2020 జనవరిలో రద్దయిపోయింది. గెలిచి కూడా స్థానం పోగొట్టుకొన్న శిక్షణార్థుల పేర్లను ఆ నవంబరులో పై న్యాయస్థానం బహిరంగంగా ప్రకటించింది. లెక్కల తరగతిలో కునుకు తీసే మిత్రులు ఈ ఉదంతాన్ని గమనించగలరు.

కంపెనీని నిలదీయడంలో అభిమానుల చరిత్ర ఇంకా పాతది. 2009 జూలైలో టి.వి.ఎక్స్.క్యూ. బృందంలోని ఐదుగురిలో ముగ్గురు తమ 13 ఏళ్ళ ఒప్పందం అన్యాయమని న్యాయస్థానానికి వెళ్ళారు. అభిమానులు సంతకాలు సేకరించారు. ఆ అక్టోబరులో న్యాయస్థానం చాలవరకు ముగ్గురి పక్షాన తాత్కాలిక ఉత్తరువు ఇచ్చింది. అదే ఏడాది అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తయారుచేసిన నమూనా ఒప్పందంలో గడువు 7 ఏళ్ళుగా నిర్ణయమైంది. బృందాలు ఏడవ ఏట చీలిపోతాయన్న భయం అభిమానులలో నేటికీ ఉండడానికి కారణం ఇదే. ఆ వ్యాజ్యం అభిమానులను కూడా చీల్చింది: వెళ్ళిన ముగ్గురి పక్షం, మిగిలిన ఇద్దరి పక్షం, ఐదుగురూ ఒక్కటే అనే పక్షం. మూడవ పక్షంవారి దుఃఖాన్ని మేము అర్థం చేసికోగలము.

ఒప్పందం ఉన్నది గనుక ఐడల్ ఉద్యోగి అనుకొంటే పొరపాటు. 2024 అక్టోబరులో న్యూజీన్స్ బృందంలోని హన్నీ, పని ప్రదేశంలో తనను చిన్నచూపు చూశారని కొరియా శాసనసభా సంఘం ఎదుట సాక్ష్యం చెప్పింది. కార్మిక చట్టం ప్రకారం ఆమె కార్మికురాలు కాదని, అందుచేత ఆ చట్టం ఆమెకు వర్తించదని నవంబరులో కార్మికశాఖ ఆ ఫిర్యాదును ముగించింది. కంపెనీతో సరిసమానమైన ఒప్పందదారుగా చట్టం ఆమెను చూస్తుంది. ఆ బృందానికీ కంపెనీకీ నడుమ వివాదం న్యాయస్థానానికి ఎక్కగా, ఒప్పందం చెల్లుతుందని 2025 అక్టోబరు 30న తీర్పు వచ్చింది. చట్టం ఉద్యోగి అనదు, అభిమాని సాటి మనిషి అనడు. ఐడల్ పరిస్థితి ఇది.

సాటి మనిషి అనడన్నది కఠినమైన మాట. కాని 2024లో జరిగినది చూడండి. ఎస్పా బృందంలోని కరీనా ఒక నటుని ప్రేమిస్తున్నదన్న వార్త వెలువడింది. కంపెనీ భవనం ముందుకు ఎలక్ట్రిక్ అక్షరాల పలక కట్టిన లారీ వచ్చి నిలిచింది. తమ ప్రేమ ఆమెకు చాలలేదా అని ఆ అక్షరాలు నిలదీశాయి. ఆమె స్వహస్తంతో క్షమాపణ లేఖ వ్రాసింది. యౌవనంలో ఉన్న స్త్రీ ఒకరిని ఇష్టపడినందుకు క్షమాపణ! మన తెలుగు హీరోల అభిమాన సంఘాలను ఎన్ని మాటలైనా అనవచ్చు గాని, తమ హీరో పెళ్ళి చేసికొంటే వారు మిఠాయిలు పంచుతారు. కొరియా అభిమాని వాదన వినకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు గనుక అదీ చెబుతాము. మేము డబ్బు పెట్టాము, నిద్ర మానుకొని వోట్లు వేశాము, కంపెనీ మాకు అమ్మినది పాట మాత్రమే కాదు, ‘నేను మీ వాడను’ అన్న మాట కూడా. ఆ మాట తప్పితే అడగరాదా అన్నది వారి ప్రశ్న. మోసం జరిగితే అడగవలసినది అమ్మినవారిని. లారీ నిలిపినది కంపెనీ గుమ్మంలో, లేఖ వ్రాసినది మాత్రం అమ్మాయి.

ఈ కాఠిన్యం ఎంతవరకు పోగలదో కొరియా ఎరుగును. 2019 అక్టోబరులో సుల్లీ, నవంబరులో గూ హారా అనే ఇద్దరు యువ గాయనులు మరణించారు. ఇద్దరూ చాలాకాలం క్రూరమైన వ్యాఖ్యలను భరించినవారే. అక్కడి రెండు పెద్ద వార్తా వేదికలు వినోద వార్తల క్రింద పాఠకులు వ్యాఖ్యలు వ్రాసే వీలును ఎత్తివేశాయి. డౌమ్ 2019 అక్టోబరులో, నేవర్ 2020 మార్చిలో.

కొరియాలో శుభకార్యాలకు, అంత్యక్రియలకు కూడా పెద్ద పూలదండలు నిలబెట్టే ఆచారం ఉన్నది. అభిమానులు ఈ ఆచారాన్ని అందంగా మలచుకొన్నారు. గాన సభలకు దండలతోపాటు బియ్యం బస్తాలు పంపి, ఆ బియ్యాన్ని గాయకుని పేరిట పేదలకు దానం చేయిస్తారు. 2024 అక్టోబరులో ఇదే ఆచారం మరొక రూపు దాల్చింది. రైజ్ బృందంలోని సుంగ్‌హాన్, బృందంలో చేరక ముందటి కాలపు ఫోటోలు బయటపడినందున 2023 నవంబరునుండి ఇంటనే ఉన్నాడు. అతను తిరిగి వస్తున్నాడని కంపెనీ అక్టోబరు 11న ప్రకటించింది. వెంటనే ఆ భవనం చుట్టూ అంత్యక్రియల దండలు వందలకొద్దీ వెలిశాయి. 13వ తేదీన అతను బృందాన్ని విడిచిపెట్టాడు. ఇతర దేశాల అభిమానులు మండిపడి, ఆరుగురి పాటలు వినము, ఏడుగురూ ఉండాలన్నారు. కొరియాలోని ప్రత్యర్థులు, ఖర్చు మాది, దూరాన కూర్చున్న మీకు ఏమి తెలుసునన్నారు. సుంగ్‌హాన్ 2025లో వేరుగా వేదికకు వచ్చాడు. రైజ్ బృందం ఆరుగురితోనే సాగుతున్నది. ఏడుగురి ఫోటో ఉన్న పాత కార్డులను దాచుకోవాలా, తీసివేయాలా అని అభిమానులు ఇంకా వాదించుకొంటున్నారు.