తవ్వకాలు సైన్స్ ఎలా అవుతాయి?

ల్యాబులో ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడొచ్చు. ఒకసారి తవ్విన నేలను మళ్లీ తవ్వలేం. మరి పురావస్తు శాస్త్రం సైన్సేనా?

ముమ్మాటికీ సైన్సే. 1930లో కామియాడ్, బర్కిట్ అనే పరిశోధకులు నల్లమల ప్రాంతంతో సహా ఆగ్నేయ భారతంలో దొరికిన రాతి పనిముట్లను నాలుగు దశలుగా వరసపెట్టారు. మొదట పెద్ద చేతిగొడ్డళ్లు, చివర గోరంత రాతి పలుకులు. 1952లో కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు దగ్గరి రాతియుగపు పనిముట్లపై వివరమైన వ్యాసం ప్రచురించారు. ఇలా ఒకరు చెప్పిన వరసను మరొకరు కొత్త చోట పరీక్షించవచ్చు. తప్పైతే దిద్దవచ్చు.

దొరికింది మనిషి చెక్కిన రాయేనని ఎలా తెలుస్తుంది? గట్టి రాయిని సుత్తిరాయితో కొడితే పెచ్చు ఊడుతుంది. దెబ్బ తగిలిన చోటికి కాస్త కింద, పెచ్చు లోపలివైపు చిన్న ఉబ్బు ఏర్పడుతుంది. రాయి మీద గుంట మిగులుతుంది. అంచు పొడవునా రెండు వైపులా ఒక పద్ధతిలో గుంటలుంటే అది ఏటి ఒరిపిడి పని కాదు. పరిశోధకులు ఇప్పటికీ రాళ్లు కొట్టి ఆ గుర్తులను పోల్చుకుంటారు. ఇదీ ప్రయోగమే!

వయసు చెప్పేది మాత్రం రాయి దొరికిన మట్టి పొర. రాయిని కదిపితే ఆ ఆధారం పోతుంది. అందుకే గిద్దలూరు దగ్గరి సగిలేరు ఏటి గట్టున అలాంటి రాయి కనిపిస్తే తీయకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, మీ టీచరుకు చూపించండి.