దవడ విరిగినప్పుడు తిండి కూడా వైద్యమే

ఎక్కడైనా దాడి జరిగిందని తెలిస్తే మనం వెళ్తాం. ఎఫ్‌ఐఆర్ నమోదైందా, సెక్షన్లు సరిగ్గా పెట్టారా, నిందితులను అరెస్టు చేశారా అని అడుగుతాం. మంచంలో ఉన్న మనిషిని "ఈ పూట ఏం తిన్నావు?" అని అడగడం మాత్రం మరిచిపోతాం. కర్ర దెబ్బకో, రాయి దెబ్బకో దవడ విరిగినవాళ్ల విషయంలో ఆ ప్రశ్న చాలా ముఖ్యం. ఆపరేషన్ గంటల్లో అయిపోతుంది. ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో శరీరానికి ఏం అందిందన్న దాని మీదే కోలుకోవడం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

విరిగిన దవడను డాక్టర్లు ప్రధానంగా రెండు రకాలుగా సరిచేస్తారు. పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి కట్టేయడం ఒకటి. ఇది సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంటుంది. విరిగిన చోట టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగించడం రెండోది. ప్లేట్లు వేస్తే నోరు తెరుచుకుంటుంది కానీ, డాక్టరు చెప్పేదాకా నమలకూడదు. తీగలు కట్టిన నోట్లోకి పళ్ల సందుల్లోంచి, చివరి దవడ పళ్ల వెనక ఉండే ఖాళీలోంచి పల్చటి పదార్థం మాత్రమే పోతుంది. చెంచాతోనో, రబ్బరు గొట్టం తగిలించిన సిరంజితోనో కొద్దికొద్దిగా పోయాలి. స్ట్రాతో పీల్చవచ్చో లేదో డాక్టరునే అడగాలి. కింది పెదవి కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండవచ్చు. వేడి తెలియక కాలుతుంది కాబట్టి ఏదైనా గోరువెచ్చగానే ఇవ్వాలి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. మింగడం తేలికని గంజినీళ్లు, కొబ్బరినీళ్లు, పండ్ల రసాలతో రోజులు నెట్టేస్తారు. వాటితో దాహం తీరుతుంది కానీ ఎముకకు కావలసిన బలం రాదు. మనిషి చూస్తుండగానే చిక్కిపోతాడు. కోలుకునే దశలో శరీర బరువులో కిలోకు దాదాపు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్లు కావాలి. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాములు.

దీనికి ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బా కొనక తప్పదనుకోనవసరం లేదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, అర లీటరు పాలలో 16, వంద గ్రాముల కందిపప్పులో 20కి పైగా, యాభై గ్రాముల పల్లీలలో 12 దాకా ఉంటాయి. ఈ నాలుగూ కలిస్తేనే 60 గ్రాములు. రాగి జావలో పాలు కలిపితే కాల్షియం కూడా అందుతుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బలం కోసం ప్రతి గిన్నెలో ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ కలపాలి. ఒకేసారి ఎక్కువ పోదు కాబట్టి రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు ఇవ్వాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కను డాక్టరుకు చూపించి మార్చుకోవాలి.

మిక్సీ లేకపోయినా పని ఆగదు. పప్పును మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, పల్చటి గుడ్డలో వడకడితే చాలు. వేయించిన పల్లీలను రోట్లో మెత్తగా నూరి జావలో కలపొచ్చు. పచ్చి గుడ్డు కొట్టి పోయొద్దు. ఉడికించి, పాలల్లోనో పప్పుకట్టులోనో మెదిపి ఇవ్వాలి.

మాంసం గురించి కూడా బాహాటంగా మాట్లాడుకుందాం. ఏం తింటారని ఆసుపత్రిలో అడిగితే పెద్దకూర పేరు చెప్పడానికి మనవాళ్లు నోరు నొక్కుకుంటారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది మంచి ప్రొటీన్, ఐరన్ ఉన్న ఆహారం. అయితే ఎముకల చారు ఒక్కటే తాగితే సరిపోదు. బలమంతా చారులో ఉందనుకుంటాం కానీ, ప్రొటీన్లు ఎక్కువగా ఉండేది ముక్కలోనే. కూర ఏదైనా మెత్తగా ఉడికించి, ముక్కలను కూడా నూరి, చారులో కలిపి వడకట్టి ఇవ్వాలి.

దెబ్బ తిన్నది ఇంట్లో వంట చేసే మనిషే అయితే పరిస్థితి ఇంకా కష్టం. తాను తినలేని అన్నం అందరికీ వండిపెట్టి, చివరికి గంజితో సరిపెట్టుకునే ఆడవాళ్లు ఉంటారు. ఆమె కోసం విడిగా వండేది ఎవరు, గుడ్డు ఎవరి గిన్నెలోకి పోతోంది అనేది కూడా మనం అడగాల్సిన ప్రశ్నే.

డిశ్చార్జి అయ్యేలోపు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. తీగలు కట్టినవాళ్ల దగ్గర వాటిని కత్తిరించే కట్టర్ ఎప్పుడూ ఉండాలి. ఏ తీగలు కత్తిరించాలో డాక్టరుతోనే చూపించుకోవాలి. వాంతి వస్తే లేచి కూర్చుని ముందుకు వంగాలి. ఊపిరి ఆడకపోతే తీగలు కత్తిరించి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మందు తాగకూడదు, బీడీ, గుట్కా ముట్టకూడదు. తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించాలి, చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో పళ్లు తోముకోవాలి. మాత్రలకు బదులు సిరప్‌లు రాయమని అడగాలి. వారానికోసారి బరువు చూసుకోవాలి.

ఇక ఈ తిండి ఖర్చు ఎవరు భరించాలి? దాడి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందకు వస్తే జవాబు 1995 నాటి నియమాల్లోనే ఉంది. 11వ నియమం 7వ ఉపనియమం ప్రకారం మందులు, ప్రత్యేక వైద్య సలహా, రక్తం ఎక్కించడం, బట్టలతో పాటు బాధితులకు అందించిన భోజనం, పండ్ల ఖర్చును కూడా జిల్లా మేజిస్ట్రేట్ గానీ, సబ్ డివిజినల్ మేజిస్ట్రేట్ గానీ, మరో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ చెల్లించాలి. 12వ నియమం కింద ఏడు రోజుల్లోగా అందాల్సిన తక్షణ సాయంలో ఆహారం కూడా ఉంది. అందుకే పాలు, గుడ్లు, పండ్లు కొన్న ప్రతి రసీదూ దాచండి. రసీదు దొరకని చోట తేదీ, ధర ఒక నోటుబుక్కులో రాయండి. డాక్టరుతో ఆహార సలహా చీటీ మీద రాయించుకోండి. వీటన్నిటినీ అర్జీకి జతచేసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. స్పందన లేకపోతే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ దృష్టికి తీసుకెళ్లండి.

ఇంకొక మాట. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరగడం, స్థానం తప్పడం తీవ్ర గాయమే. ఎక్స్‌రే, ఆపరేషన్ నోట్ కాపీలు తీసుకుని ఆ విషయం కేసు కాగితాల్లోకి ఎక్కిందో లేదో చూడాలి.

అట్రాసిటీ చట్టంలో మొట్టమొదటగా రాసిన నేరమే నోటికి సంబంధించినది. దళితుల, ఆదివాసుల నోట్లో తినకూడనిది, అసహ్యమైనది పెట్టడం నేరమని మూడో సెక్షన్ మొదలవుతుంది. ఆ నోటికి తినదగింది అందేలా చూడటం కూడా న్యాయపోరాటంలో భాగమే. ఈసారి బాధితుల ఇంటికి వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీతో పాటు కిలో రాగిపిండి, డజను గుడ్లు కూడా పట్టుకెళ్దాం.