ఛాతీలో నొప్పా? వాము కాదు, వాహనం కావాలి

"ఛాతీ బరువుగా ఉన్నప్పుడు ఏ కషాయం పుచ్చుకోవాలి?" అని పాఠకులు పలువురు నన్ను అడుగుతూ ఉంటారు. దీనికి సమాధానం చెప్పే ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

2020 ఏప్రిల్, లాక్‌డౌన్ రోజులు. రాత్రి తొమ్మిది గంటలకు మా బావగారు ఫోను చేసి, గుండెల్లో మంటగా, ఎడమ దవడ లాగుతున్నట్లుగా ఉన్నదన్నారు. ఆయన మధుమేహ రోగి. పెసరట్లు తిన్నానని చెప్పగా నేను అజీర్తి అనుకొని, వాము, సైంధవ లవణం వేడినీటిలో పుచ్చుకోమన్నాను. ఆసుపత్రికి పోతే కరోనా సోకునన్న భయం ఇద్దరికీ ఉన్నది. తెల్లవారి ఈసీజీ తీయగా గుండెపోటని తేలినది. ప్రాణం దక్కినది గాని, గుండె కండరం కొంత శాశ్వతంగా దెబ్బతిన్నది. నేటికీ ఆయన ఆగకుండా మేడమెట్లు ఎక్కలేరు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. దేశంలోని 187 ఆసుపత్రుల లెక్కలు చూడగా, 2020 మార్చి నడుమ నుండి జూన్ నడుమ వరకు గుండెపోటుతో చేరినవారు అంతకు ముందటి ఏటికంటే సుమారు 35 శాతం తగ్గినారు. భయం వలన, వాహనాలు లేనందువలన ఎందరో ఇంటనే ఉండిపోయినారు.

మహమ్మారి పోయినా ఆలస్యం పోలేదు. అది పాత జబ్బే. 2008లో ప్రకటింపబడిన ఒక భారతీయ పరిశీలనలో, రోగులలో సగం మంది ఆసుపత్రి చేరుసరికి ఆరు గంటలు గడచినవి. నెల లోపల మరణించినవారు ధనికులలో 5.5 శాతం, పేదలలో 8.2 శాతం. ఈ తేడాకు ముఖ్య కారణం పేదలకు తగిన చికిత్స అందకపోవడమే.

గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు కండరం గంటగంటకు నశించును. స్టెంటు వేయు పెద్దాసుపత్రి దూరమైనచో, దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డను కరిగించు సూదిమందు ఇచ్చి, ఆపై పంపుట ఉత్తమం. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆరంభమైన స్టెమీ కార్యక్రమం ఈ పద్ధతిదే. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి నిపుణులు చూచి సలహా ఇత్తురు.

మన శాస్త్రం హృదయాన్ని శిరస్సు, వస్తులతో పాటు త్రిమర్మాలలో ఒకటిగా చెప్పినది. సుశ్రుతుడు దానిని సద్యఃప్రాణహర మర్మమన్నాడు. అనగా దెబ్బతిన్న వెంటనే ప్రాణం తీయగలదని. తెల్లమద్ది బెరడుకు వైద్యంలో స్థానమున్నది గాని, పోటు వచ్చిన వేళ అది గడ్డను కరిగించదు.

కావున ఇవి గుర్తుంచుకోండి:

1. ఛాతీలో బిగింపు, మంట, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉన్నచో వెంటనే 108కి ఫోను చేయాలి. మధుమేహ రోగులలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి అంతగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చును.

2. రోగిని నడిపించరాదు. కషాయం, సోడా పట్టి వేచి చూడరాదు.

3. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కానిచో, వైద్యుని సలహాపై 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించవచ్చును.

4. ఈసీజీ తీయు దగ్గరి ఆసుపత్రి ఏదో నేడే తెలిసికొని గోడపై వ్రాసి ఉంచాలి.

వంటింటి వైద్యం గొప్పదే. ఎక్కడ ఆగవలెనో తెలిసినప్పుడే అది వైద్యం.