మునగాకును గూర్చి మేము చెప్పిన మాట

గత వర్షాకాలములో మా సంఘపెద్ద ఒకరిని చూడవెళ్లినప్పుడు ఆయన కుడికాలి బొటనవ్రేలు నల్లబడి ఉన్నది. చాలా ఏండ్లుగా షుగరు ఉన్న మనిషి. బిళ్లలు వేసుకుంటున్నారా అని అడిగాము.

"మానేసి మూడు నెలలైంది. మునగాకు రసము తాగుతున్నాను. అందులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయని గృహకూటములో మీరే గదా అయ్యగారూ చెప్పారు!" అన్నారు.

చెప్పిన మాట నిజమే. బిళ్లలు మానమని మేము చెప్పలేదు. మానవద్దని కూడా చెప్పలేదు. ఆ వారమే పట్టణములోని ఆసుపత్రిలో ఆ వ్రేలు తీసివేశారు. గనుక ఆనాడు సగము చెప్పి విడిచిన సంగతిని ఇక్కడ పూర్తిగా చెప్పుచున్నాము.

మనము పీల్చే ప్రాణవాయువుతోనే దేహములోని కణాలు ఆహారము నుండి శక్తిని తీసుకుంటాయి. ఆ పనిలో ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని అణువులు కొన్ని పుడతాయి. వాటిలో జతలేని ఎలక్ట్రాను ఉంటుంది. ఆ జత కొరకు ప్రక్కనున్న అణువును దోచుకుంటాయి. కణము పైపొరలోని కొవ్వు, మాంసకృత్తులు, చివరకు డి.ఎన్.ఎ. కూడా దెబ్బతింటాయి. వానలో వదిలిన గునపము తుప్పుపట్టడము కూడా ఆక్సీకరణమే. దేహమునకు తన కాపలా తనకున్నది. ఆ కాపలాను మించి ఇవి పెరిగితే దానినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. పొగ త్రాగేవారిలోను, షుగరు అదుపు తప్పినవారిలోను ఇది ఎక్కువ.

మొక్కలు తీవ్రమైన ఎండను తట్టుకొనుటకు తమలో తామే కొన్ని రక్షక పదార్థాలు తయారుచేసుకుంటాయి. మునగాకులోని బీటా కెరోటిన్ అటువంటిదే. అది ఒంటబట్టాలంటే కాస్త నూనె కావాలి; పోపు పెట్టిన మునగాకు పప్పు ఉత్త రసముకంటె మేలు. ఉసిరికాయలో విటమిన్ సి నారింజలో కంటె అనేక రెట్లు. పసుపులోని కర్‌క్యుమిన్ మాత్రము రక్తములోనికి బహు కొద్దిగానే చేరుతుంది. మిరియాలు తోడైతే కొంత ఎక్కువ. పెరట్లో చెట్టు ఉండగా బస్టాండులో ఆకుపొడి డబ్బా కొనేవారిని చూస్తే మాకు ఆశ్చర్యము.

ఆకు మంచిదైతే అందులోని సారము ఇంకా మంచిది కాదా? ఫిన్లాండు దేశములో 1985లో మొదలుపెట్టి, పొగత్రాగే పురుషులు 29,133 మందిపై ఇదే పరీక్షించారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ బిళ్ల ఇచ్చారు. 1994లో ఫలితము వెలువడింది: బిళ్ల తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరిగదా, 18 శాతము ఎక్కువగా కనబడింది! నోటిలో చుట్ట, చేతిలో ఉసిరికాయ పెట్టుకొని ధైర్యముగా ఉండే మన పెద్దలు ఈ లెక్క వినాలి.

ఆకులన్నీ నిరపాయమనుకోవడము కూడా పొరపాటే. కరోనా కాలములో తిప్పతీగ కషాయము తాగనివారు అరుదు. దానిని వాడిన తరువాత కాలేయము దెబ్బతిన్న ఆరుగురు రోగుల వివరాలను ముంబాయి వైద్యులు 2021లో ప్రచురించారు. షుగరు బిళ్లలతోపాటు ఆకు రసాలు మోతాదు మీరి తాగితే చక్కెర మరీ పడిపోవచ్చును. ఏ కషాయము తాగుతున్నా డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

మా సంఘపెద్ద ఇప్పుడు బిళ్ల వేసుకొని, మునగాకు పప్పుతో అన్నము తింటున్నారు. ఆయన ఆసుపత్రి నుండి వచ్చిన ఆదివారము ప్రకటనల సమయములో మేము నిలువబడి మా మాటను సరిచేసుకున్నాము. వెనుక వరుసలో నుండి ఒక తల్లి లేచి, "అయితే అయ్యగారూ, బి.పి. బిళ్లలు కూడా మళ్లీ మొదలుపెట్టాలా?" అని అడిగింది.