క్రొత్త నాటకములు, మన రంగస్థలము

కథను గాని పద్యమును గాని వ్రాయువానికి కాగితమును కలమును చాలును. నాటకము వ్రాయువానికి అవి చాలవు. అతనికి నటులు కావలెను, వేదిక కావలెను, ఎదుట కూర్చుండి వినువారు కావలెను. చదువునప్పుడు రసవంతముగా తోచిన సంభాషణ వేదికపై విసుగు పుట్టింపవచ్చును. పొడిగా వ్రాసిన యొక్క మాటకు సభ యంతయు నిశ్శబ్దము కావచ్చును. ఆడి చూచిననే గాని ఇది తెలియదు. పేరు లేని క్రొత్త రచయితకు ఈ పరీక్ష లభింపజేయుటయే నాటకోత్సవముల ముఖ్య ప్రయోజనము.

తెలుగునాట ఈ మార్గమున ఒక గొప్ప అడుగు 1929లో పడినది. ఆ యేట సురభి నాటక సమాజమునకు చెందిన వనారస గోవిందరావుగారి పూనికతో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు స్థాపింపబడెను. తరువాత నాటకపు పోటీలు నడపు పరిషత్తులు అనేక పట్టణములలో వెలసినవి. 1998లో ప్రభుత్వము వారు నంది నాటకోత్సవములను ఆరంభించిరి.

ఈ పోటీల పద్ధతి సాధారణముగా ఇట్లుండును. సమాజములు తమ రచన ప్రతిని ముందుగా పంపును. పరిశీలకులు చదివి కొన్నింటిని ఎన్నుకొందురు. అవి వరుసగా కొన్ని దినములు ప్రదర్శింపబడును. ప్రదర్శనకు, రచనకు, దర్శకత్వమునకు, నటనకు వేర్వేరుగా బహుమతు లుండును. నియమిత కాలములోపల ఆట ముగియవలెను గనుక పాత్రలును, రంగములును మితముగా నుండును. రాత్రి తెల్లవార్లు సాగు పద్యనాటకమునకు ప్రక్కనే, ఒక యింటి వసారాలో గంటసేపు జరుగు సాంఘిక నాటిక ఇట్లు ప్రబలినది.

ఇక మన ప్రాంతపు సంగతి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలకు కథల కొరత లేదు. జనగామ జిల్లాలోని కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ యను రైతు విసునూరు దేశముఖుతో వైరము వచ్చినను వెరవక, తన భూమికై న్యాయస్థానమున పోరాడి, తుదకు హత్య చేయబడెను. ఆ కథ ఆధారముగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 'మా భూమి' నాటకమును వ్రాసిరి. 1947లో ప్రజానాట్యమండలి వారు దానిని ఊరూర ఆడిరి. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. రచయిత లిద్దరును కోస్తావారు. కథ మనది, కలము వారిది. అందులకు వారికి మనము కృతజ్ఞులము. అక్కడ నటులును, సమాజములును సిద్ధముగా నుండిరి. ఇక్కడ నిజాము పాలనలో సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసియుండెను. వేదిక లేనిచోట కథ యుండియు నాటకము పుట్టదు.

నటనావిద్య మనకు లేకపోలేదు. చిందు యక్షగానము మన పల్లెలలో తరతరములుగా ఆడబడుచున్నది. ఆ కళలో చేసిన కృషికి జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యగారు 2024లో పద్మశ్రీ పురస్కారము పొందిరి. అయితే ఆ కళలో ఆడు కథలు ఎక్కువగా పురాణములవి. నేటి మన బ్రతుకును చూపు క్రొత్త రచన వేరుగా కావలసియున్నది.

విద్యార్థులారా, ఇందులకు పెద్ద పాండిత్యము కావలెనని జంకవలదు. తరగతిలో మేము మీ వ్యాసములందు వ్యాకరణదోషములు దిద్దుదుము. కాని నాటకములో భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడు గని కార్మికునివలె, మహబూబాబాదు తండాలోని అవ్వ అవ్వవలె మాటాడవలెను. 1892లో విజయనగరమున తొలిసారి ఆడబడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నేటికిని నిలిచియుండుటకు, ఆ పాత్రల నోట వాడుకమాట యుండుటయే ఒక ముఖ్య కారణము.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. బహుమతిపై చూపు నిలిపినచో రచయిత న్యాయనిర్ణేతల కొరకు వ్రాయ మొదలిడును. ఏడ్పును ఉపన్యాసమును పెరిగి, మనుష్యుడు తరిగిపోవును. వెనుక వరుసలో నేలపై కూర్చున్న ముసలమ్మకు అర్థమైనదా యనునదే సరియైన కొలత.

నాటకములాడు పిల్లలు చదువున వెనుకబడుదురని కొందరు తలిదండ్రులు భయపడుదురు. కాని ఒక పాత్రను ధరించు బాలుడు ఇతరుని కష్టమును తన నోట పలుకవలెను, వేళకు రావలెను, తన వంతు వచ్చువరకు ఇతరుల మాట వినవలెను. ఇది చదువు కాకపోదు. దీనికి వ్యయమును స్వల్పమే: రెండు కుర్చీలు, ఒక దుప్పటి, ఇంటినుండి తెచ్చుకొన్న బట్టలు.

కావున పాఠశాల వార్షికోత్సవమున ఆడు నాటికలలో ఒక్కటియైనను విద్యార్థులే వ్రాసిన క్రొత్తది కావలెనని మా కోరిక. అది తడబడినను తడబడుగాక. ఆ రాత్రి సభ ఎక్కడ నవ్వెనో, ఎక్కడ ఆవులించెనో గుర్తుంచుకొని మరునాడు తిరిగి వ్రాయు విద్యార్థియే నాటకకర్త యగును. మన యూళ్ల కథలను వ్రాయుటకు పొరుగువారి కలము కొరకు మరల ఎదురుచూడ నవసరము లేకుండును.