చక్రపు కత్తికి చవకైన బ్లేడు



ప్రాతచీరలను, పంచెలను పొరలుపొరలుగా పరచి బొంత కుట్టుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న గృహవిద్య. ప్రత్తి పండు నీ సీమయందు గుడ్డ విలువ యెఱుగనివారు లేరు. ఇంతకాలము కత్తెరతో సాగిన యీ కోతపనికి నేడు రోటరీ కట్టరను చక్రపు కత్తి యొకటి దొరకుచున్నది. జపాను దేశమందలి ఓల్ఫా సంస్థ 1979వ సంవత్సరమున దీనిని వెలువరించెను. దీనితో నాలుగైదు పొరల గుడ్డ యొక్క త్రోపునకే తిన్నగా తెగును. కాని బ్లేడు మొద్దువారిన ప్రతిమాఱు క్రొత్తది కొన్నచో, కుట్టుకూలిలో కొంత దానికే వ్యయమగును. ఆ వ్యయమును తగ్గించు మార్గములను విన్నవించెదను.

ప్రథమమున కొలత తెలిసికొనవలెను. ఈ బ్లేడులు 18, 28, 45, 60 మిల్లీమీటర్ల వ్యాసము గలవి దొరకును. ఎక్కువగా వాడుకలో నున్నది 45. పిడి చేసినవారి బ్లేడునే కొనవలెనను నియమము లేదు. వ్యాసమును, నడిమి రంధ్రమును సరిపోయినచో నితరుల బ్లేడులును సాధారణముగా నమరును. కావున ప్రాతబ్లేడును దళసరి కాగితమున చుట్టి యంగడికి గొనిపోయి, క్రొత్తదానితో సరిచూచుకొనుట మేలు.

చవక యనగా వెల తక్కువ యని మాత్రమే కాదు. నూఱు రూపాయల బ్లేడు నాలుగు బొంతలకు వచ్చినదనుకొందము. బొంతకు 25 రూపాయలు పడినవి. నూటయేబది రూపాయలది పది బొంతలకు వచ్చినచో బొంతకు 15 రూపాయలే. కావున క్రొత్తరకమును మొదట నొక్కటి మాత్రమే కొని, యెన్ని బొంతలకు వచ్చునో గుర్తువ్రాసికొని, పిదప కట్టగా కొనవలెను.

బ్లేడు తెగకున్నంతనే పాఱవేయరాదు. దాని వెనుక నూలుపీచు చేరియుండవచ్చును. మర విప్పి, పీచు తుడిచి, కుట్టుమిషను నూనె యొక్క చుక్క వేసి చూడవలెను. అప్పటికిని దారములు తెగక నిలిచినచో వాని నడిమి దూరమును కొలువవలెను. 45 మిల్లీమీటర్ల బ్లేడు చుట్టుకొలత దాదాపు 14 సెంటీమీటర్లు. ప్రతి 14 సెంటీమీటర్లకు నొకచోట తెగకున్నచో బ్లేడు అంచున గాటు పడినదన్నమాట. ఎప్పుడును పలకమీద నొక్కచోటనే తెగకున్నచో దోషము అడుగుపలకది. క్రొత్త బ్లేడు కొన్నను ప్రయోజనము లేదు.

కత్తెరలకు సానపట్టువానికి దీనిని ఇచ్చుట తగదు. ఇది మిక్కిలి పలుచనిది. సాన వేడికి పదును పోవును, గుండ్రదనమును చెడును. గుండుసూదులను ముందే తీసివేయుట, గచ్చుమీదను చెక్కమీదను కోయకుండుట, బిగువు మితిమీఱనీయకుండుట బ్లేడు ఆయువును పెంచును. గుడ్డకు పనికిరానిది కాగితపు నమూనాలు కోయుటకు పనికివచ్చును.

తుదకు పాఱవేయవలసినప్పుడు పెంటకుప్పలో వేయరాదు. పసిబిడ్డల పాదములకును పశువుల గిట్టలకును గాయములగును. మూతగల డబ్బాలో చేర్చి, పాత ఇనుము కొనువానికి చెప్పి యీయవలెను. ఈ సంగతులను పెద్దలు తమ యిండ్లలో కుట్టుపని చేయువారికి చదివి వినిపింతురుగాక.