నాడి గడియారంలా కొట్టుకోనక్కరలేదు!

కుదురుగా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నాడి చూసుకోండి. నెమ్మదిగా గాలి పీల్చండి. నాడి కొంచెం వడి అందుకుంటుంది. అంతే నెమ్మదిగా వదలండి. నిదానిస్తుంది. ఇది జబ్బు కాదు. గుండెకు వెళ్లే నరాలు సరిగా పనిచేస్తున్నాయనడానికి గుర్తు. జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ 1847లోనే ఈ సంగతి గమనించాడు.

గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటుందంటే సరిగ్గా సెకనుకు ఒకసారి అని కాదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య వ్యవధి కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటుంది. మన ప్రమేయం లేకుండా గుండెను, పేగులను, చెమటను నడిపేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. ఇందులో సింపథెటిక్ నరాలు ముల్లుకర్ర వంటివి. పరుగెత్తినా, భయపడినా గుండె వేగం పెంచుతాయి. పారాసింపథెటిక్ నరాలు పగ్గం వంటివి. విశ్రాంతి వేళ వేగం తగ్గిస్తాయి. వీటిలో ముఖ్యమైనది మెదడు నుంచి గుండెకు దిగివచ్చే వేగస్ నరం.

చక్కెర వ్యాధి ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఈ నరాలు దెబ్బతింటాయి. అప్పుడు ఊపిరితో పాటు నాడి మారదు. ఆస్పత్రిలో రోగిచేత నిమిషానికి 6 సార్లు గాఢంగా ఊపిరి తీయిస్తూ ఇ.సి.జి. తీస్తారు. పీల్చినప్పటికీ వదిలినప్పటికీ గుండె వేగంలో తేడా నిమిషానికి 15 దెబ్బలకు పైన ఉంటే మంచిదే. 10కి లోపయితే అనుమానించాలి. వయసు మీరిన కొద్దీ ఈ తేడా కొంత తగ్గడం సహజం కనుక ఫలితాన్ని డాక్టరే చెప్పాలి.

అసలు ప్రమాదం ఒకటుంది. గుండె నొప్పిని తెలియజేసే నరాలు కూడా చెడిపోతే, గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చల్లని చెమటలు, ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే కనిపిస్తాయి. పైత్యమనో, ఎండదెబ్బ అనో సోడా తాగి పడుకుంటే విలువైన సమయం చేజారుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇలా అయితే వెంటనే 108కి ఫోను చేయాలి. మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూడమని డాక్టరును అడగాలి.

ఊపిరితో సంబంధం లేకుండా నాడి తప్పుతున్నా, గుండె దడగా ఉన్నా పరీక్ష చేయించుకోవాలి. ఊపిరితో మారే నాడికి మాత్రం భయపడనక్కరలేదు. చక్కెర ఉన్నవారు "నొప్పి లేదు కదా" అని ఊరుకోరాదు.